సామర్లకోట డాక్టరు, చిట్టీత పిండి, రాయని పేర్లు



గోదావరి జిల్లాల చరిత్ర చెప్పమంటే మనలో చాలామందిమి కాటన్ దొర దగ్గర మొదలుపెడతాం. ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు, పచ్చటి చేలు, ఊరి సెంటర్లో విగ్రహం. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి అరవై ఏళ్ళ ముందు ఇదే నేలని ఒక కరువు ఊడ్చేసింది. ఆ కరువుని కళ్ళారా చూసి, వాన ఎంత పడిందో రోజూ కొలిచి, పేదజనం ఏం తిని బతికారో రాసిపెట్టిన డాక్టరు ఒకాయన సామర్లకోటలో ఉండేవాడు. పేరు విలియం రాక్స్‌బర్గ్.

ఈ వారం ఆయన గురించి రాస్తున్నాను. పొగడటానికి కాదు, తిట్టటానికీ కాదు. ఆయన పుస్తకాల్లో మన తిండి ఉంది, మన పని ఉంది, మన నోటి తెలుగు ఉంది. మన పేర్లు మాత్రం లేవు. బోటనీ చదివే పిల్లలు ఆయన పేరు రోజూ చూస్తూనే ఉంటారు. మొక్క లాటిన్ పేరు చివర "రాక్స్‌బ్." అని పొట్టిగా ఉంటుంది చూడండి, అది ఈయనే. ఆ నాలుగు అక్షరాల వెనకాల ఎవరున్నారన్నదే ఇవాళ్టి విషయం.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. అక్కడ జాన్ హోప్ అనే ప్రొఫెసరు దగ్గర మొక్కల చదువూ అబ్బింది. ఆ రోజుల్లో వైద్యానికీ మొక్కలకీ గోడ లేదు. మందంటే చెట్టు బెరడు, వేరు, ఆకు. మొక్క తెలియనివాడు డాక్టరు కాలేడు. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు ఆస్పత్రికి వచ్చాడు. 1781లో సామర్లకోటకి సర్జనుగా వచ్చాడు. అక్కడ కంపెనీ దండు ఉండేది. సిపాయిలకి వైద్యం చేయటం ఆయన ఉద్యోగం. మిగతా సమయమంతా మొక్కలే.

ఈ దారిలో ఆయన ఒక్కడే కాదు. తరంగంబాడి నుంచి వచ్చిన యోహాన్ కోనిగ్ అనే డాక్టరు, లిన్నేయస్ దగ్గర నేరుగా చదువుకున్నవాడు, రాక్స్‌బర్గ్‌కి పెద్దన్న లాంటివాడు. ఆ కోనిగ్ 1785లో మన కాకినాడ పక్కన జగన్నాథపురంలోనే చనిపోయాడు. విశాఖపట్నంలో పాట్రిక్ రసెల్ అనే మరో డాక్టరు పాముల మీద పనిచేశాడు. 1789లో రసెల్ వెళ్ళిపోయాక కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పదవి రాక్స్‌బర్గ్‌కి వచ్చింది. 1793లో కలకత్తా కంపెనీ తోటకి అధిపతిగా వెళ్ళేదాకా ఆయన మకాం సామర్లకోటే. పన్నెండేళ్ళు.

ఆ పన్నెండేళ్ళలో సామర్లకోటలో ఒక తోట వేశాడు. దాన్ని పూలతోట అనుకోకండి. కంపెనీకి డబ్బు తెచ్చే పంటల ప్రయోగశాల అది. రాజమండ్రి సర్కారు కొండల్లో మిరియం తీగ అడవిగా పెరుగుతోందని తెలిసి, దాన్ని తెచ్చి నాటించాడు. నీలిమందు, చెరకు, పట్టు, ఇవన్నీ పరీక్షించాడు. మన రైతులు చెరకు ఎలా వేస్తారు, గానుగ ఎలా ఆడిస్తారు, బెల్లం ఎలా వండుతారు అని వివరంగా రాసి పంపాడు. ఏటికొప్పాక బొమ్మలు చేస్తారే, ఆ అంకుడు చెట్టు ఆకుల్లోంచి నీలిమందు తీయొచ్చని చూపించాడు. ఇదంతా లండన్‌లో ఉన్న కంపెనీ లాభం లెక్కలోకే పోయింది. ఈ సంగతి మరిచిపోయి ఆయన్ని సైన్సు మహర్షిగా చూస్తే మనం మోసపోతాం.

ఇప్పుడు కరువు.

1789 డిసెంబరులో కోరింగ మీద ఉప్పెన పడింది. సముద్రం ఊళ్ళ మీదకి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. దాని వెనకే వానలు ఎగ్గొట్టాయి. 1789 నుంచి 1792 దాకా సర్కారు జిల్లాలు, దక్కను ఎండిపోయాయి. దక్కనులో దాన్ని పుర్రెల కరువు అన్నారు. చచ్చినవాళ్ళని పూడ్చే దిక్కు లేక పుర్రెలు ఎక్కడివక్కడ తెల్లగా తేలి ఉండిపోయాయి కాబట్టి. ఆగి ఒక్క మాట ఆలోచించండి. ఊళ్ళో శవాన్ని మోయటం, గొయ్యి తవ్వటం ఎవరి వెట్టి? పూడ్చేవాళ్ళు లేరంటే, అందరికంటే ముందు పోయినవాళ్ళు ఎవరో వేరే చెప్పాలా?

పసిఫిక్ సముద్రం వేడెక్కితే మన వానలు తప్పుతాయని, దానికి ఎల్ నినో అని పేరని ఇప్పుడు మనకి తెలుసు. ఆనాటి కరువు అలాంటిదేనని రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు రెండు శతాబ్దాల తర్వాత తేల్చాడు. అలా తేల్చటానికి ఆయనకి దొరికిన ఆధారాల్లో సామర్లకోటలో రాక్స్‌బర్గ్ రాసుకున్న వాతావరణ లెక్కలు ముఖ్యమైనవి. మన పెద్దాపురం, పిఠాపురం చేల మీద పడని వాన, ప్రపంచ వాతావరణ చరిత్రలో ఒక సాక్ష్యం అయింది.

ఆ కరువులో మన జనం ఏం తిన్నారు? ఇక్కడే ఆయన పుస్తకం మనకి పనికొస్తుంది.

చిట్టీత తెలుసు కదా. ఈతచెట్టుకి చెల్లెలు. ఇసక నేలల్లో, గట్ల మీద పొదలా ఉంటుంది. ఆకుతో చాపలు అల్లుతారు. దాని బోదె మూరెడు కూడా ఉండదు. ఆ బోదెని చీల్చి, లోపలి గుజ్జుని రోట్లో దంచి, పీచు తీసేసి, జల్లించి, పిండి చేసి, జావ కాచుకుని తాగారు. జావ చేదుగా ఉంటుందని, సగ్గుబియ్యం అంత బలం ఉండదని రాశాడాయన. బియ్యం ధర అందక, ఒక్కోసారి డబ్బులున్నా బియ్యమే దొరక్క, పేదలు దీని మీద పడ్డారని, ఇది చాలా ప్రాణాలు కాపాడిందని కూడా రాశాడు. ఆ చెట్టుకి ఆయన పెట్టిన లాటిన్ పేరు ఫీనిక్స్ ఫారినిఫెరా. ఫారినిఫెరా అంటే పిండినిచ్చేది. మన ఆకలి ఒక చెట్టుకి శాస్త్రీయ నామం అయిందన్నమాట.

కొండల్లో జీలుగు చెట్టు సంగతీ అంతే. ముదిరిన జీలుగు మాను లోపలి గుజ్జుని పిండి చేసి రొట్టె కాల్చుకోవటం, జావ కాచుకోవటం కొండజనం అలవాటు. చెట్లు ఉన్నన్నాళ్ళూ వాళ్ళు కరువుకి పెద్దగా తట్టుకున్నారని రాశాడు. ఆ జావ తానూ తాగి చూశానని, సగ్గుజావకి ఏం తీసిపోలేదని అన్నాడు. కొండరెడ్లు, కోయవాళ్ళు ఇప్పటికీ జీలుగు గుజ్జు తిండి ఎరుగుదురు. ఒక తెల్ల డాక్టరు రుచి చూసి రాసింది, వాళ్ళ ఇంట్లో తరతరాల వంట.

కరువు చూశాక ఆయన కంపెనీకి ఒక మాట చెప్పాడు: వరి ఒక్కదాన్ని నమ్ముకోకండి, కొబ్బరి, తాటి, పనస, సగ్గు లాంటి తిండినిచ్చే చెట్లు ఊళ్ళ చుట్టూ, కాలవ గట్ల మీద నాటించండి, వాన తప్పినా చెట్టు తప్పదు అని. అదే రోజుల్లో మైకేల్ టాపింగ్ అనే కంపెనీ సర్వేయరు కృష్ణా గోదావరి నీళ్ళని చేలకి మళ్ళించవచ్చని చెప్పాడు. ఆయన 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. కాగితం కాగితంగానే ఉండిపోయింది. 1833లో ఇంకో మహా కరువు గుంటూరు సీమని మింగేశాక, శిస్తు రాబడి పడిపోయాక గానీ కంపెనీకి ఆనకట్ట గుర్తురాలేదు. నీళ్ళు వచ్చాక కూడా అవి ఎవరి చేలకి వెళ్ళాయి, ఆ చేలల్లో ఎవరు పాలేర్లుగా మిగిలారు అన్నది మీకు తెలిసిన కథే.

ఇంకో మొక్క చూడండి. చిల్ల చెట్టు. చిల్లగింజని మట్టికుండ లోపలి గోడకి రెండు నిమిషాలు అరగదీసి, ఆ కుండలో బురదనీళ్ళు పోస్తే, మట్టి అడుక్కి దిగి పైన తేటనీళ్ళు నిలుస్తాయి. ఈ పద్ధతిని రాక్స్‌బర్గ్ చాలా ఇష్టంగా వివరించాడు. ఈ దేశపు జనం బావినీళ్ళ కంటే చెరువు నీళ్ళూ ఏటి నీళ్ళూ ఇలా తేర్చుకుని తాగటానికే ఇష్టపడతారన్నట్టు రాశాడు.

ఇష్టపడతారా? ఇక్కడ మనం ఆయన్ని ఆపి అడగాలి. అయ్యా డాక్టరుగారూ, ఊరి బావిలో చేద వేయనిస్తే గదా ఇష్టమో కాదో తేలేది! బావి ఒక కులానిది. చెరువు దిగువన పశువులు దిగే రేవు ఇంకొకరిది. ఆ రేవులో బురద నీళ్ళు ముంచుకున్నవాళ్ళకి చిల్లగింజ అలవాటు కాదు, అవసరం. 1927లో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ దోసిలి పట్టింది ఈ నీళ్ళ కోసమే. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళని పాడు చేయొద్దని అడిగినందుకు మొదలైన గొడవ ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. రాక్స్‌బర్గ్ కుండని చూశాడు, గింజని చూశాడు, నీళ్ళు తేరటం చూశాడు. ఆ నీళ్ళు బురదగానే ఎందుకు ఉన్నాయో ఆయన చూడలేదు. సైన్సు పుస్తకాలు చదివేటప్పుడు మనం వేయాల్సిన ప్రశ్న ఇదే.

మూడో మొక్క సోమిద. రాజమండ్రి సర్కారు కొండల్లో పెరిగే పెద్ద మాను, ఎర్రటి చేవ. దాని బెరడు జ్వరానికి మందు. మన్యం జ్వరం ఎంతమందిని తిన్నదో ఏజెన్సీ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో జ్వరానికి యూరపు వాళ్ళ మందు పెరూ దేశపు సింకోనా బెరడు. ఖరీదెక్కువ, దూరం ఎక్కువ. దానికి బదులుగా సోమిద బెరడు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ దాన్ని ఎడిన్‌బరో పంపాడు. 1794లో ఆండ్రూ డంకన్ అనే విద్యార్థి అక్కడ డాక్టరు పట్టా కోసం రాసిన సిద్ధాంత గ్రంథం ఈ సోమిద మీదే. తర్వాత 1830లో ఫ్రాన్సుకి చెందిన జుస్సియూ ఆ చెట్టుకి కొత్త ప్రజాతి పేరు పెట్టాల్సొచ్చినప్పుడు, మన తెలుగు మాటనే తీసుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడైనా దాని పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది.

ఒక పుస్తకం బయటికొచ్చింది. ఒక పట్టా వచ్చింది. ఒక తెలుగు మాట లాటిన్‌లోకి ఎక్కింది. ఆ బెరడు జ్వరానికి పనికొస్తుందని మొదట కనిపెట్టి, మోతాదు తెలుసుకుని, పిల్లలకి పట్టి బతికించుకున్న కొండమనిషికి మాత్రం ఒక పేరు లేదు. ఆయన పుస్తకాల్లో ప్రతి మొక్క కిందా "తెలింగా" పేరు అని తెలుగు పేరు ఉంటుంది. ఆ పేరు చెప్పిన నోరు ఉండదు. "నేటివులు" అంటాడు, "పేదలు" అంటాడు, అంతే.

బొమ్మలు గీసినవాళ్ళదీ అదే గతి. సామర్లకోటలో ఆయన ఇండియన్ చిత్రకారులని పెట్టుకుని వందలాది మొక్కలకి రంగుల బొమ్మలు గీయించాడు. వాటిలోంచి జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసిన 300 బొమ్మలతో "కోరమాండల్ తీరపు మొక్కలు" అనే మూడు సంపుటాలు లండన్‌లో 1795 నుంచి పాతికేళ్ళ పాటు అచ్చయ్యాయి. చిట్టీత అందులో ఉంది. చిల్ల ఉంది. మచిలీపట్నం అద్దకానికి ఎర్రరంగునిచ్చే చిరివేరు ఉంది. చాకలివాళ్ళు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి ఉంది. ఆకు ఈనెలు, పువ్వు లోపలి కేసరాలు వెంట్రుకంత సన్నగా గీసిన ఆ చేతులెవరివో పుస్తకం అట్ట మీద లేదు.

ఇది తప్పనిసరి ఏమీ కాదు. అలా రాయటం ఆ కాలంలో కుదరదని ఎవరైనా అంటే, రాబర్ట్ వైట్‌ని చూపించండి. ఆయన కూడా స్కాట్లాండు డాక్టరే. 1819లో మద్రాసుకి వచ్చి, తొలిరోజుల్లో మన సామర్లకోట, రాజమండ్రి వైపు కూడా మొక్కలు ఏరాడు. తన దగ్గర బొమ్మలు గీసిన రంగయ్య, గోవిందు పేర్లు ఆయన పుస్తకాల్లోకి ఎక్కాయి. ఒక ఆర్కిడ్ ప్రజాతికి "గోవిందూయియా" అని గోవిందు పేరు పెట్టాడు. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని ఇంకోదానిలో కలిపేశారు కాబట్టి ఆ పేరు వాడుకలో నిలవలేదు. అయినా ఒక సంగతి రుజువైంది: రాయాలనుకుంటే రాయొచ్చు.

ఇప్పుడు మనలో కొందరు అంటారు: "తెల్లోడు మన జ్ఞానం దోచుకుపోయాడు." మాట నిజమే. కానీ "మన" అనే మాట దగ్గర నేను కాసేపు ఆగుతాను. చిట్టీత జావ తాగినవాళ్ళూ, ధాన్యం గాదె తాళం చేతిలో ఉన్నవాళ్ళూ ఒకే "మనం" కాదు. కరువులో బియ్యం పెరిగిన ధర ఎవరి పెట్టెలోకో వెళ్ళింది. కంపెనీ మన చెట్లని తీసుకుపోయింది, నిజం. మనకి అక్షరం రాకుండా చేసింది మాత్రం కంపెనీ కాదు. తెలిసినదాన్ని రాసుకునే చెయ్యి మనకి ఉండి ఉంటే, చిట్టీత గురించి మొదటి పుస్తకం సామర్లకోట పక్క మాలపల్లెలో పుట్టేది.

దీనికి ఆ పుస్తకాల చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. రాక్స్‌బర్గ్ ఆరోగ్యం చెడి 1813లో కలకత్తా వదిలాడు, 1815లో ఎడిన్‌బరోలో చనిపోయాడు. ఆయన రాతప్రతిగా వదిలిపోయిన "ఫ్లోరా ఇండికా"ని 1820 నుంచి శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించింది విలియం కేరీ. తెలుగు వ్యాకరణం ఒకటి 1814లో అచ్చు వేసిన మిషనరీ కేరీయే ఈయన. కేరీ ఇంగ్లండులో ఏం చేసేవాడో తెలుసా? చెప్పులు కుట్టేవాడు. చెప్పులు కుట్టిన చేతికి అక్షరం దొరికింది కాబట్టి అది వృక్షశాస్త్ర గ్రంథానికి సంపాదకత్వం చేసింది. రాక్స్‌బర్గ్ ఒక చెట్టు ప్రజాతికి "కేరేయా" అని ఆయన పేరు పెట్టాడు.

అదే కాలంలో మన గూడెంలో మాదిగ తాత లందలో తోలు నానబెడుతున్నాడు. తంగేడు చెక్క ఎంత వేయాలి, ఎన్నాళ్ళు ఉంచాలి, తోలు ఎప్పుడు పదునుకొచ్చిందో వేలితో నొక్కి చెప్పగలడు. అది రసాయనశాస్త్రం కాదా? ఆ తాతకి బడి గుమ్మం ఎక్కే హక్కు లేదు. అక్కడి చెప్పులు కుట్టేవాడు పేదవాడు. ఇక్కడి చెప్పులు కుట్టేవాడు అంటరానివాడు. పేదరికం దాటటానికి కేరీకి ఒక పుస్తకం సరిపోయింది. మనకి ఒక రాజ్యాంగం కావాల్సొచ్చింది.

సామర్లకోట తోటకి ఆయుష్షు తక్కువ. రాక్స్‌బర్గ్ వెళ్ళాక బెంజమిన్ హైనే అనే మరో డాక్టరు దాన్ని చూశాడు. 1800 ప్రాంతంలో హైనేతో పాటు ఆ పని బెంగుళూరుకి తరలిపోయింది. ఇరవై ఏళ్ళు నిండకుండానే తోట కథ ముగిసింది. బొమ్మలు కలకత్తాలోనూ లండన్ దగ్గర క్యూ తోటలోనూ భద్రంగా ఉన్నాయి. మొక్కల పేర్లు చెప్పిన ఊళ్ళే భద్రంగా లేవు. జీలుగు, సోమిద పెరిగే కొండల కింద కోయ, కొండరెడ్డి ఊళ్ళు పోలవరం ముంపులోకి పోతున్నాయి. ఊరు పోతే ఇళ్ళకి లెక్క కడతారు, పొలానికి లెక్క కడతారు. ఏ బెరడు ఏ జ్వరానికో తెలిసిన ముసలమ్మ చెల్లాచెదురైతే ఆ నష్టానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

అందుకే విద్యార్థులకి ఒక పని చెబుతున్నాను. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాయనమ్మనో, అమ్మమ్మనో, పక్కింటి తాతనో కూర్చోబెట్టి అడగండి. కరువులో ఏం తిన్నారు? కాలికి దెబ్బ తగిలితే ఏ ఆకు నూరారు? బాలింతకి ఏం పెట్టారు? నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, ఎవరు ఆపారు? మొక్కని ఊరి పేరుతో రాయండి. ఫోటో తీయండి. లాటిన్ పేరు తర్వాతైనా వెతుక్కోవచ్చు. రాక్స్‌బర్గ్ వదిలేసినదాన్ని మాత్రం మీరు వదలొద్దు: పైన ముందుగా చెప్పినవాళ్ళ పేరు రాయండి, ఇంటిపేరుతో సహా. ఒప్పుకుంటేనే రాయండి, రాశాక చదివి వినిపించండి.

రాక్స్‌బర్గ్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వానలు తప్పిన కాలంలో కూడా ఆయన వాతావరణ లెక్క రాస్తూనే ఉన్నాడు. ఆ ఓపిక మనకి కావాలి. మన చరిత్రలో "లేదు" అని ఉన్న ప్రతిచోటా ఎవరో ఉన్నారు. వాళ్ళని రాయటం మన పని.

జై భీమ్.